పన్నెండో నంబరు

అయిదుంబావుకి
ఇందుకూరుపేట మలుపులో వ్యాను హారన్ వినపడుతుంది.
టైమాఫీసు తలుపు తీసి
వేలిముద్రల మిషనుని తువ్వాలుతో తుడుస్తాను.
మైపాడు గాలికి దానిమీద రోజూ ఉప్పు పేరుకుంటుంది.

ముప్పై ఎనిమిది మంది దిగుతారు.
ఒక్కొక్క బొటనవేలికీ పచ్చలైటు.
వెంగమ్మ దగ్గర ఎరుపు.
మళ్ళీ పెట్టింది. ఎరుపే.
కొంగుకి రుద్దుకుని, నోటి ఆవిరి ఊది, మళ్ళీ పెట్టింది.
"ఏంది సామీ, నన్ను గుర్తుపట్టదా యిది?
పదకొండేళ్ళుగా వస్తా ఉండానే."

రొయ్య తల తుంచి, నరం లాగి, పొట్టు వొలిచి
ఐసునీళ్ళలో ముంచీ ముంచీ
ఆమె వేలిమీద గీతలు కరిగిపోయాయి.
నుదుటి రాత చెరపలేమంటారు,
వేలి రాతకి పదకొండేళ్ళు చాలు.

మిషను లెక్కలో వెంగమ్మ రాలేదు.
మూడో బల్ల దగ్గర గంబూట్లతో నిలబడి
పొద్దుగూకేదాకా వొలుస్తూనే ఉంది.

మిషను లెక్కలో మస్తానమ్మ వచ్చింది.
నూటరెండు జొరం.
ఒక్కరోజు మానినా హాజరు బోనసు ఆరువందలు పోతుందని
బిళ్ళ మింగి వ్యానెక్కింది.
మధ్యాహ్నం కోల్డురూము తలుపుకాడ కూలబడితే
సూపర్వైజరు మొహాన నీళ్ళు చల్లాడు.
అవీ ఐసునీళ్ళే.

మూడో రోజు తిరిగొచ్చింది.
చెన్నై ఆఫీసు నుంచి అప్పటికే ఫారం వచ్చి ఉంది:
సెలవు తర్వాత వచ్చినవాళ్ళతో నేను
అయిదు నిమిషాలు కూర్చుని మాట్లాడాలి.
కారణాలకి నంబర్లున్నాయి. ఒకటి జ్వరం, రెండు కడుపు,
అలా పదకొండు దాకా.
పైన ఒక బొమ్మ, ఇద్దరు నవ్వుతూ కాఫీ తాగుతున్నారు.

నా గదిలో కుర్చీ ఒకటే.
ఆమెకి ఇస్తే అంచుమీద ఆనుకుంది.
"నిన్న ఎందుకు రాలేదు?"
"రాలేక."
దానికి నంబరు లేదు.
"మరి మొన్న ఎందుకొచ్చావు?"
ఇది ఫారంలో లేని ప్రశ్న, నాది.
జవాబు చెప్పకుండా చేతులు చాపింది.
గోళ్ళ మూలలు తెల్లగా నాని, ఉబ్బి, పగిలి ఉన్నాయి.
"పులుసన్నం చేత్తో తిని నాలుగు నెల్లయింది సామీ,
మంట. స్పూనుతో తింటా ఉంటే
దొరసానివైనావే అని నా చిన్నోడు నవ్వతాడు."

పదకొండు కింద స్కేలు పెట్టి గీత గీశాను.
నీలం పెన్నుతో రాశాను:
పన్నెండు. చేతులు.

వారంలో పద్నాలుగు పన్నెండ్లు పడ్డాయి.
ఫోనొచ్చింది. "పన్నెండంటే ఏంటండీ? సిస్టంలో లేదు."
"సిస్టంలో లేదు సార్, చేతుల్లో ఉంది" అన్నాను
అని ఇంట్లో చెప్పుకున్నాను.
నిజానికి అన్నది "పొరపాటు సార్, చూస్తాను" అని.

చూశాను. కొట్టెయ్యలేదు.
నా ధైర్యం అంతవరకే.

ఇరవై రోజులకి ఒక అట్టపెట్టె. గ్లౌజులు.
అన్నీ మగాళ్ళ సైజు,
ఒక్కో వేలి చివర ఒక రొయ్య పట్టేంత ఖాళీ.
వెంగమ్మ తొడుక్కుని చెయ్యూపితే
వ్యాను వ్యానంతా నవ్వింది, నేనూ నవ్వాను.
ఇప్పుడు వేళ్ళ మొదట్లో జడ రబ్బర్లు బిగించుకుని వాడుతున్నారు.
మస్తానమ్మ పిల్ల రబ్బర్లు లేక
రిబ్బనుతో బడికి పోతోందట.

ఇవాళ మళ్ళీ ఎరుపు.
వెంగమ్మ ఈసారి రుద్దుకోలేదు, ఊదలేదు.
వేలు అక్కడే ఉంచి నా వైపు చూసింది.
పాత రిజిస్టరు సొరుగులోనే ఉంది, వాడొద్దన్నారు.
తీశాను. పేజీ అంటుకుపోతే ఉమ్ము తడి చేసి విప్పాను.
ఆమె పేరు ఎదురుగా "హాజరు" అని రాశాను,
మిషనుకి వీపు తిప్పి.

"గుండ్రంగా రాయి సామీ,
పైనోళ్ళకి కనపడాల" అంది
గంబూట్లు వెతుక్కుంటూ.